కుండ అడుగున మిగిలిన మాట

ఖుఫాఫ్ రోజూ పొద్దున్నే ఎడారి నుంచి బస్రాకు వస్తాడని పండితులందరూ నమ్మేవారు. నిజానికి అతను రోజూ పొద్దున్నే బస్రా నుంచి ఎడారికి పోయేవాడు.

పెళ్లాం పక్కన చాప మీద నుంచి లేచి, ఆవిడ గోధుమలూ మాంసమూ మెత్తగా ఉడికించి పెట్టిన వేడివేడి హరీసా ఒక గిన్నెడు లాగించి, మూతి తుడుచుకుని, చేపల సందు వెనక నుంచి దొంగపిల్లిలా నడిచి, పడమటి ద్వారం దాటి మిర్బద్ సంత చివరికి చేరేవాడు. అక్కడ అతనికి ఒక చిరుగుల గుడారం ఉంది. గుడారం ముందు కట్టేసిన ఒంటె మాత్రం అతనిది కాదు. పక్క దొడ్డివాణ్ణి బతిమాలి తెచ్చుకున్నది. రోజుకో గిన్నెడు హరీసా దాని అద్దె.

గుడారం చేరగానే అసలు పని మొదలయ్యేది. గుప్పెడు ఇసుక తీసి గడ్డంలో పోసుకునేవాడు. ఎండిన మాచిపత్రి రెమ్మలు రాజేసి, ఆ పొగలో తన అంగీని అటూ ఇటూ తిప్పేవాడు. అంగీకి చేపల వాసన పట్టేసి ఉండేది మరి. ఆపైన ఒంటెకు ఆనుకుని కూర్చుని, రెండు రాత్రులు నిద్రలేకుండా ప్రయాణం చేసి వచ్చినవాడిలా ఆకాశం వైపు చూస్తూ ఉండేవాడు. పొద్దు బారెడెక్కేసరికి పండితులు సిరాబుడ్లు నడుముకు వేలాడదీసుకుని వచ్చేవారు.

వాళ్ల బాధ వాళ్లది. బస్రా అంటే నలుగురు కలిసే రేవు. పారశీకులు, సింధువాళ్లు, ఆఫ్రికా తీరం నుంచి వచ్చిన జంజ్ కూలీలు, ఎవరి నాలుకకు తోచినట్టు వాళ్లు అరబ్బీ మాట్లాడేవారు. మాటకు చివర ఉండాల్సిన తోకలన్నీ మింగేసేవారు. తోక లేకపోతే ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరు ఎవరికి పెట్టారో తెలియక భాష అంతా గందరగోళమైపోతోందని పండితులు బెంగపెట్టుకున్నారు. ఆ తోకలకు సూత్రాలు కట్టి పుస్తకం రాయాలని కూర్చున్నారు. మరి సరైన మాట ఎవరి దగ్గర ఉంది? గుడారాల్లో బతికేవాళ్ల దగ్గర, ఒంటె పాలు తాగేవాళ్ల దగ్గర. వాళ్లు ఎలా అంటే అదే సూత్రం. వాళ్లకు వ్యాకరణం అన్న పేరే తెలియదు, అయినా తప్పు మాట్లాడమన్నా మాట్లాడలేరు.

అయితే ఒక షరతు ఉంది. ఎడారివాడు ఊళ్లో కాపురం పెడితే నలభై రోజుల్లో నాలుక తుప్పు పడుతుందని పండితుల లెక్క. అలాంటివాడి సాక్ష్యం చెల్లదు. అంతకుముందు చెప్పినవి కూడా పుస్తకంలోంచి కొట్టేస్తారు.

ఖుఫాఫ్ ఊళ్లో కాపురం పెట్టి నాలుగేళ్లయింది.

పండితులు తెచ్చే ఖర్జూరాల కోసం అతను ఈ వేషం కట్టలేదు. అతని తెగలో మూడేళ్లు వాన లేదు, నాలుగో ఏడు మశూచి వచ్చింది. ఆఖరికి రెండు బక్క ఒంటెల్ని తోలుకుని, వాటిని అమ్ముకుందామని మిర్బద్‌కు వచ్చినవాడు ఖుఫాఫ్ ఒక్కడే. ఆకలితో కళ్లు తిరిగి పడిపోయినచోట హరీసా అమ్ముకునే మాహీన్ కుండ ఉంది. ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. కానీ పోయిన తల్లి ఖౌలా మాటలు అతని నోట్లో ఉండిపోయాయి. పడుకున్న ఒంటె తల తిప్పి వెనక్కి చూస్తే దానికో మాట. నిప్పు ఆరబోయే వేళకు వచ్చిన చుట్టానికి ఇంకో మాట. అవి అనేవాళ్లు భూమ్మీద ఇంకెవరూ లేరు. తాను పోతే అవీ పోతాయి. పుస్తకంలోకి ఎక్కితే మాత్రం ఉంటాయి. ఆ ఆశతోనే నాలుగేళ్లుగా గడ్డంలో ఇసుక పోసుకుంటున్నాడు.

అతని దగ్గరికి వచ్చే పండితుడు షేక్ ముహారిబ్. సన్నగా, దగ్గుతూ, విరిగిపోతాడేమో అన్నట్టు ఉండేవాడు. ఒక్క మాట అర్థం కనుక్కోవడానికి పదకొండు రోజులు నడిచి ఒక ముసలామె దగ్గరికి వెళ్లి, ఆవిడ అప్పటికే పోయిందని విని, సమాధి దగ్గర కూర్చుని ఏడ్చివచ్చిన మనిషి. చెవితో విననిది రాయడు, విన్నది దాచడు. ఆయన రాయసగాడు సలీత్. ఇతనికి చెవులకన్నా ముక్కు చురుకు.

ఆ రోజు ఖుఫాఫ్ కొత్త మాట ఒకటి చెప్పాడు.

"ఇంటిల్లిపాదీ పాలు తాగుతారయ్యా. ఒకడు మందతో పోయి ఇంకా రాలేదు. వాడికోసం గిన్నె అడుగున కాసిని పాలు ఉంచుతారు, ఎవరూ ముట్టరు. ఆ పాలను మా అమ్మ నుతాఫా అనేది."

షేక్ కళ్లు మెరిశాయి. ఆ మాటను రెండుసార్లు పలికించుకుని, తానొకసారి పలికి, దగ్గి, చేత్తో గడ్డం నిమురుకున్నాడు. ఆ తర్వాత ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"అందంగా ఉంది ఖుఫాఫ్. కానీ గిన్నెలో మిగిలిన నీళ్లకు వేరేచోట వేరే మాట విన్నాను. ఇలా రానివాడి కోసం ఉంచిన పాలకు ప్రత్యేకంగా ఒక మాటుందని ఇంకెవరూ చెప్పలేదు. రెండో నోరు కావాలి నాకు. మీవాళ్లనెవరినైనా ఒకర్ని తీసుకురా."

"మావాళ్లు మేతకు దూరం పోయారయ్యా." ఈ అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం ఖుఫాఫ్ ఎప్పుడూ నేలచూపులు చూసేవాడు.

సలీత్ ముక్కు ఎగబీల్చాడు. "అయ్యా, ఎడారివాళ్లు చేపలు తింటారా?"

"ఛీ! పాము తిన్నా తింటారు గానీ చేప ముట్టరు. ఏం?"

"ఏం లేదు. ఒంటె దగ్గర బొమ్మిడాయిల వాసన వస్తోంది. కొత్త జాతి ఒంటె కాబోలు."

షేక్ నవ్వలేదు. ఖుఫాఫ్ వైపు తిరిగాడు. "నీ గురించి ఊళ్లో ఏదో అనుకుంటున్నారు. నేను నమ్మను. నమ్మనని చెప్పడానికైనా రేపు నీ నాలుక పరీక్షించాలి. తప్పుగా అనుకోకు," అని లేచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఖుఫాఫ్ ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలియదు. మాహీన్ కుండ కడుగుతోంది. పారశీకుల పిల్ల, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. సంగతంతా విని చీపురు పక్కన పడేసింది.

"అంటే ఏమయ్యో, నన్ను కట్టుకున్నందుకు నీ నాలుక తుప్పు పట్టిందంటారా వాళ్లు?"

"వాళ్ల మాట అది. నా మాట కాదే."

"నాలుగేళ్లుగా నేను నీ మూతి తుడిచి పంపుతున్నా. ఒక్కరోజన్నా 'ఈవిడ నా పెళ్లాం' అని ఎవరితోనన్నా అన్నావా? దొంగసొత్తులా దాచిపెట్టావు. చేపల సందులో నన్నేమంటున్నారో తెలుసా? మాహీన్ మొగుడు పగలు కనపడడు, దెయ్యమేమో అంటున్నారు."

"రేపొక్కరోజు ఆగవే. రేపు గట్టెక్కితే మా అమ్మ మాటలన్నీ పుస్తకంలో నిలిచిపోతాయి. రేపు మాత్రం అటువైపు రాకు, నీ పుణ్యం ఉంటుంది."

మాహీన్‌కు కోపం వచ్చింది, జాలీ వేసింది. రెండూ కలిస్తే ఆవిడ గిన్నెలు చప్పుడు చేస్తుంది. అలా చప్పుడు చేస్తూనే, కుండ కడగకముందు తీసిపెట్టిన హరీసాను మొగుడి ముందుకు తోసింది. అమ్మకం ఎంత జోరుగా ఉన్నా అడుగున అతని వాటా ఉంచకుండా ఆవిడ ఏనాడూ కుండ ఖాళీ చేయలేదు.

మర్నాడు ఖుఫాఫ్ గడ్డంలో మామూలు కంటే రెండింతలు ఇసుక పోసుకున్నాడు. షేక్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సలీత్ ఒళ్లో పుస్తకం పెట్టుకుని కలం చెక్కుకున్నాడు.

మొదట సులువుగానే సాగింది. సలీత్ ఒక సామెతను కావాలని చివరలు మార్చి చెప్పి, "ఇలాగే కదా మీవాళ్లు అనేది? ఏదీ, అను," అన్నాడు. ఖుఫాఫ్ అనబోయాడు. నోరు తిరగలేదు. ముళ్లకంప కనబడ్డ ఒంటెలా నాలుక అడ్డంగా తన దారి తాను పట్టి, సరైన రూపమే బయటపడింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. షేక్ ముఖం విప్పారింది. నాలుగేళ్లు హరీసా తిన్నా నాలుక చెడలేదని ఖుఫాఫ్‌కే ఆశ్చర్యం వేసింది. లోపల్లోపల సంబరపడ్డాడు కూడా.

కానీ షేక్‌కు ఒక నమ్మకం ఉండేది. మనిషి నెమ్మదిగా ఉన్నప్పుడు నాలుకకు కాపలా ఉంటుంది. కోపంలో వచ్చేదే అసలు మాట. అందుకని ఆయన గొంతు సవరించుకుని, తనకు ఇష్టం లేకపోయినా, ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఖుఫాఫ్! నుతాఫా అన్న మాట మీ అమ్మ అనలేదు. ఖర్జూరాల కోసం నువ్వు పుట్టించావు. రానివాడి కోసం పాలు ఉంచే తల్లులు మీ తెగలో లేరు. ఉన్న గుక్కెడు పాలు తామే తాగేవాళ్లు మీవాళ్లు!"

ఖుఫాఫ్ లేచి నిలబడ్డాడు. మశూచి పొక్కులతో ఒళ్లు కాలిపోతూ కూడా, ఒంటెల్ని వెతకడానికి పోయిన కొడుకు కోసం గిన్నె అడుగున పాలు దాచి, ఆ గిన్నె పక్కనే కన్నుమూసిన తల్లి కళ్ల ముందు కదిలింది. కళ్లు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు.

"నీ కుండ అడుగంట! నీ పొయ్యిలో పిల్లి పండ! మా అమ్మనంటావురా దగ్గు ముసలాడా?"

సంతలో ఆ మూల బేరాలు ఆగిపోయాయి. ఒంటె కూడా నమలడం ఆపింది.

సలీత్ మెల్లగా అన్నాడు. "అయ్యా, ఇది చేపల సందు తిట్టు. అచ్చంగా అక్కడిదే. మాటల తోకలన్నీ హరీ అన్నాయి."

"ఎడారివాడికి కుండ అడుగంటుతుందన్న భయం ఎందుకుంటుంది?" అన్నాడు షేక్. ఆ గొంతులో గెలుపు లేదు, దిగులే ఉంది. "అది పొద్దుటినుంచీ గోధుమలూ మాంసమూ కలియబెట్టేవాళ్ల భయం. ఎన్నాళ్లయింది ఖుఫాఫ్, ఊళ్లోకి వచ్చి?"

ఖుఫాఫ్ కూలబడ్డాడు. ఇక దాచలేదు. వాన లేకపోవడం, మశూచి, మాహీన్, అద్దె ఒంటె, అన్నీ చెప్పేశాడు. మావాళ్లు మేతకు దూరం పోయారన్నది అబద్ధమని మాత్రం చెప్పలేక చెప్పలేక చెప్పాడు. "మావాళ్లు లేరయ్యా. నేనొక్కణ్ణే మిగిలాను. నన్ను కొట్టెయ్. నా పేరు కొట్టెయ్. ఆవిడ మాటలు మాత్రం ఉంచవయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా."

షేక్ కళ్లు తుడుచుకున్నాడు. "ఆవిణ్ణి నేను వినలేదు నాయనా. నిన్ను విన్నాను. ఒక్కడికి నియమం సడలిస్తే రేపు ఈ పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు?" అని సలీత్ వైపు తల ఊపాడు. సలీత్‌కు కూడా చేయి ఆడలేదు. అయినా పుస్తకం తెరిచి, మూడు పుటల మీద అడ్డంగా గీతలు గీశాడు. కలం గరగరమంటుంటే ఖుఫాఫ్ తన వీపు మీద గీస్తున్నట్టు ముడుచుకుపోయాడు.

సరిగ్గా అప్పుడే మాహీన్ వచ్చింది. రావద్దన్నచోటికి రాకుండా ఉండే మనిషి కాదు గానీ, ఆ రోజు నిజంగానే ఆగింది. పొద్దు వాలుతున్నా మొగుడు ఇంటికి రాకపోయేసరికి ఇక ఆగలేక, చిన్న కుండ చంకన పెట్టుకుని సంతంతా దాటుకుని వచ్చింది. వచ్చేసరికి మొగుడు నేలమీద, ఇద్దరు పెద్దమనుషులు అతని నెత్తిమీద.

"ఏంటయ్యా ఇది? ఒక్కణ్ణి చేసి ఇద్దరు ఏడిపిస్తారా? సిరాబుడ్డి కట్టుకుంటే సరా, సిగ్గుండక్కర్లా? పొద్దున తిన్న గిన్నెడు తప్ప ఈ మనిషి కడుపులో ఏమీ లేదు. ఈ కుండలో ఈయన నుతాఫా చల్లారి రాయైపోతుంటే, ఇక్కడ మీరు మాటలు తినిపిస్తున్నారా?"

సలీత్ కలం చేతిలోంచి జారింది.

షేక్ నిలబడ్డాడు. "ఏమన్నావమ్మా?"

"సిగ్గుండక్కర్లా అన్నాను. ఇంకోసారి అనమంటారా?"

"అది కాదు. కుండలో ఉన్నదాన్ని ఏమన్నావు?"

"నుతాఫా. ఎప్పుడూ వినలేదా? ఇంత చదువుకున్నారు, మీ ఇంట్లో మీకెవరూ ఉంచలేదా, పాపం?"

"ఈ మాట నీకు ఎవరు నేర్పారు? నిన్న రాత్రి ఇతను నేర్పి పంపాడా?"

"నేర్పడమేమిటయ్యా? మా సందులో అందరూ అనేదేగా!"

షేక్ నమ్మలేదు. నమ్మకపోవడమే ఆయన వృత్తి. చెప్పులేసుకుని పడమటి ద్వారం వైపు నడిచాడు. వెనకాల సలీత్, వాళ్ల వెనకాల కుండతో మాహీన్, అందరి వెనకాల ఈడ్చుకుంటూ ఖుఫాఫ్. షేక్ ఇరవయ్యేళ్లలో ఎన్నడూ చేపల సందులోకి అడుగుపెట్టలేదు. ఆ భాష చెవిన పడితే తన చెవి చెడుతుందని చుట్టూ తిరిగి పోయేవాడు. ఇప్పుడు సందు మొదట్లో ఒక బుట్టల దొంతర చాటున నిలబడి, చెవి ఒగ్గాడు.

అడగలేదు, విన్నాడంతే. అడిగితే మనుషులు ఆలోచించి చెబుతారని ఆయనకు తెలుసు.

కొట్లు కట్టేసే వేళ అది. ఖర్జూరాలమ్మే ఉమ్ జుందుబ్ కూతురి మీద అరుస్తోంది. "ఒసేయ్, రొట్టెలన్నీ మింగేశావు! మీ నాన్న పడవ ఇంకా రాలేదు, ఆయన నుతాఫా ఏదే?" అవతల ఒక సింధు కూలీ తోటివాడి భుజం చరిచి, "నుతాఫా లేదు నాకు. పెళ్లాం లేదుగా!" అని పడీపడీ నవ్వుతున్నాడు. అరుగు మీద ఒక ముసలామె పిల్లి ముందు చేప తల పెడుతూ, "ఇది నీ నుతాఫా, ఆలస్యంగా వస్తే ఇంతే," అంటోంది.

పాలు పోయి హరీసా వచ్చింది, రొట్టె వచ్చింది, చేప తల కూడా వచ్చింది. తోకా లేదు, సూత్రమూ లేదు. కానీ రానివాడి కోసం అడుగున ఉంచేదన్న అర్థం ఎక్కడికీ పోలేదు.

ఖుఫాఫ్‌కు అప్పుడు తెలిసింది. ఈ మాట అతను ఇంట్లో పెళ్లాంతో అన్నాడు, పెళ్లాం పక్కింటావిడతో అంది, ఆవిడ సందంతా అంది. నాలుగేళ్లుగా అతని చెవుల్లో పడుతూనే ఉంది. చిన్నప్పటినుంచీ విన్న మాట కాబట్టి వింతగా తోచలేదు, పట్టించుకోలేదు. దీన్ని కాపాడుకోవడానికి ఎడారికి పరుగెత్తాడు. ఇదేమో ఇక్కడ పిల్లికి కూడా తెలుసు.

"అయ్యా," అన్నాడు సలీత్ ఆశగా, "రెండో నోరు కావాలన్నారుగా. ఇరవై నోళ్లు దొరికాయి. రాయమంటారా?"

షేక్ ఇంకోసారి సందు వైపు చెవి ఒగ్గాడు. "ఊరి నోళ్లు," అన్నాడు చివరికి. "రాయలేను." సిరాబుడ్డికి మూత పెట్టించి, దగ్గుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆ ముసలామె ముందు ఒక క్షణం ఆగి, పిల్లిని చూసి, తల పంకించాడు.

మర్నాడు ఖుఫాఫ్ గుడారం విప్పి ఒంటెవాడికి ఇచ్చేశాడు. గడ్డంలోని ఇసుకంతా కడుక్కున్నాడు. అది పూర్తిగా పోవడానికి మూడు రోజులు పట్టిందని మాహీన్ ఇప్పటికీ దెప్పుతుంది. కుండ దగ్గర కూర్చుని, అడుగంటకుండా కలియబెట్టే పని అతనికి అప్పగించింది. "ఇడుగో నా మొగుడు, దెయ్యం కాదు, తాకి చూసుకోండి," అని సందుసందంతా చాటింది. ఖుఫాఫ్ సిగ్గుపడుతూనే తలెత్తి కూర్చున్నాడు. పుస్తకం సంగతి తలుచుకున్నప్పుడు మాత్రం గరిటె ఆగిపోయేది.

పదో రోజున, కొట్లు కట్టేసే వేళకు, షేక్ ముహారిబ్ ఒంటరిగా వచ్చాడు. నడుముకు సిరాబుడ్డి లేదు. అలవాటు లేని చోట నిలబడ్డ మనిషిలా కుండ ముందు నిలబడి రెండుసార్లు దగ్గాడు.

"హరీసా అయిపోయింది అయ్యగారూ," అంది మాహీన్. ఆవిడకు కోపం ఇంకా తగ్గలేదు.

షేక్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నుతాఫా అయినా లేదా అమ్మా?"

ఖుఫాఫ్ చేతిలో గరిటె ఆగింది. తల్లి నోటి మాట, నిష్ఠగల ఆ పండితుడి నోట్లోంచి, కలం లేకుండా, ఆకలికి వచ్చింది. ఏడుపు ఆగలేదు అతనికి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మాహీన్ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది. "అది అమ్మేది కాదు. ఇంటివాళ్లలో ఆలస్యంగా వచ్చేవాడికి ఉంచేది."

"నేను చాలా ఆలస్యంగానే వచ్చానమ్మా," అన్నాడు షేక్.

మాహీన్ పక్కకు జరిగి చాప చూపించింది. ఖుఫాఫ్ కుండ వంచి, అడుగున ఉన్నదంతా గీకి గిన్నెలో పెట్టి ఆయన చేతికిచ్చాడు. షేక్ రెండు ముద్దలు తిన్నాక తలెత్తి అడిగాడు.

"మీ అమ్మ పేరేమిటి ఖుఫాఫ్? ఎప్పుడూ అడగలేదు నేను."

"ఖౌలా."

"ఖౌలా," అన్నాడు షేక్, గిన్నె అంచు వేలితో తుడుచుకుంటూ.

ఆ పూట ఖుఫాఫ్‌కు కుండలో ఏమీ మిగల్లేదు.